డోరీన్ రాసిన తొమ్మిదో దారి

డోరీన్ పిచ్‌ఫర్డ్ ముప్పై ఒక్క ఏళ్ళపాటు కరెంటు మీటర్లు చూసింది. వేల్స్ సరిహద్దు పక్కన, కొండకీ కొండకీ మధ్య ఇరుక్కుని ఉన్న పల్లెల్లో ఆమె తల దూర్చని మెట్ల కింది అలమారు లేదు. తలుపు తట్టేది, "మీటర్" అని ఒక్క మాట అనేది, వంగి అంకెలు రాసుకుని వెళ్ళిపోయేది. ఎవరైనా టీ ఇస్తే తాగేది. ఎలా ఉందని అడిగితే, బాగుంటే బాగుందనేది, లేకపోతే లేదనేది. ఏ ఇంట్లోనూ రెండోసారి అడిగేవాళ్ళు కారు.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఉండగా పాలు పోసే ఆర్థర్ అనే అతను అడిగాడు. "నేనంటే నీకు ఇష్టమేనా?" అన్నాడతను. డోరీన్ ఒక నిమిషం నిజాయితీగా ఆలోచించి "కొంత" అంది. ఆమె లెక్కన అది పెద్ద మాటే. ఆర్థర్‌కి ఆ లెక్క తెలియక, బజారులో చెప్పుల దుకాణంలో పనిచేసే పిల్లని చేసుకున్నాడు. డోరీన్ ఆ పెళ్ళికి వెళ్ళి భోజనం చేసి, మాంసం ఉడకలేదని చెప్పి వచ్చింది.

ఉద్యోగం అయిపోయిన రోజున ఆఫీసువాళ్ళు ఒక గడియారం ఇచ్చి వ్యాను తీసేసుకున్నారు. మర్నాటి నుంచి ఆమె కాళ్ళు ఇంట్లో నిలవలేదు. పాదరీగారు చనిపోయాక ఆయన భార్య దగ్గర ఒక ఆకుపచ్చ సైకిలు కొనుక్కుంది. దాని మీద రోజూ పదిహేను ఇరవై మైళ్ళు తిరిగేది. ఆ కొండదారుల్లో రెండు పక్కలా మనిషెత్తు పొదలు. ఎదురుగా ఒక గొర్రెల బండి వస్తే ఎవరో ఒకరు అరమైలు వెనక్కి పోవాలి. డోరీన్ పోయేది కాదు. ఆమెతో ఉంటున్న తమ్ముడు రాన్ పంక్చర్లు వేసి పెట్టేవాడు.

ఒక వసంతంలో కౌంటీ కార్యాలయం నుంచి ప్రకటన వచ్చింది. ప్రశాంతమైన పల్లెదారులు, చారిత్రక గ్రామాలు, వీటి మీదుగా సైకిలు యాత్రలకు పన్నెండు దారులు వేస్తున్నారట. ఒక్కో దారికీ ఒక కరపత్రం. దారి తొక్కి చూసి, ఏ ఊళ్ళో చూడదగింది ఏముందో రాసి ఇచ్చే స్వచ్ఛంద సేవకులు కావాలట. డోరీన్‌కి తొమ్మిదో నంబరు దారి ఇచ్చారు. ముప్పై నాలుగు మైళ్ళు, పదకొండు ఊళ్ళు. కాగితంలో ప్రతి ఊరికీ ఒక గడి. గడి మీద ‘చూడదగినవి’ అని అచ్చువేసి ఉంది.

డోరీన్ ఆ దారిని నాలుగుసార్లు తొక్కింది. ఒకసారి వానలో కూడా తొక్కింది, ఎందుకంటే ఆ ప్రాంతంలో వాన లేని రోజు చూసి రాస్తే అది అబద్ధమవుతుంది. తరువాత బల్ల దగ్గర కూర్చుని గడులు నింపింది. రాన్ భుజం మీదుగా చదివాడు.

హోప్ మారిస్ గడి ఇలా మొదలైంది: "కోట ఉంది. సగం కూలింది. కూలని సగం దగ్గరికి వెళ్ళనివ్వరు." స్టాన్‌బరీ గడిలో: "చర్చి ఎనిమిది వందల ఏళ్ళది. తాళం వేసి ఉంటుంది. తాళంచెవి ఎదురింటి మిసెస్ గఫ్ దగ్గర ఉంటుంది. ఆమె ఇవ్వదు." ఆ పక్క ఊరి పబ్బు గురించి: "సూప్ చల్లగా ఉంటుంది. అడిగితే వేడి చేస్తారు. మొహం మాడ్చుకుంటారు." అప్పర్ ఫామ్ మలుపు దగ్గర: "కుక్క కరుస్తుంది. ఎడమ కాలే."

"ఎడమ కాలే అని ఎలా చెప్తావ్?" అన్నాడు రాన్.

"పద్ధెనిమిదేళ్ళు ఆ ఇంటి మీటర్ చూశాను. దాని అమ్మా ఎడమ కాలే కరిచేది, దాని అమ్మమ్మా అంతే."

"మరి నెదర్ విప్లీకి ఏం రాశావ్?"

నెదర్ విప్లీ గడిలో రెండే మాటలున్నాయి: "ఏమీ లేదు."

రాన్ చాలాసేపు నవ్వాడు. "అక్కా, ఏదో ఒకటి రాసిపడెయ్. పాపం ముప్పై గడప ఉంది అక్కడ."

"రెండుసార్లు ఆ చివర నుంచి ఈ చివరకి నడిచాను రా. లేదు. లేనిది ఎక్కణ్ణుంచి తేను?"

ఇలాంటి కాగితాలను అందంగా తీర్చిదిద్దడానికి కౌంటీ కార్యాలయంలో ఒకమ్మాయి ఉండేది. చల్లటి సూప్‌ని ‘సంప్రదాయ పల్లె ఆతిథ్యం’గా మార్చడం ఆమె ఉద్యోగం. ఆ ఏడు పొదుపు పేరుతో ఆ ఉద్యోగం ఎత్తేశారు. ఇది ఎవరికీ గుర్తులేదు. డోరీన్ కాగితం ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి, అక్కడి నుంచి నేరుగా అచ్చుకు పోయింది. జూన్ మొదటి వారానికి ఇరవై వేల ప్రతులు రైల్వే స్టేషన్లలో, గ్రంథాలయాల్లో, దంతవైద్యుల వరండాల్లో వచ్చి కూర్చున్నాయి.

ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా. పబ్బు యజమాని వీధిలో డోరీన్‌ని చూసి అటు తిరిగాడు. మిసెస్ గఫ్ తాను తాళంచెవి ఇస్తాననీ, అడిగేవాళ్ళు మర్యాదస్తులైతే ఇస్తాననీ, ఇంతవరకు మర్యాదస్తులు రాలేదనీ పత్రికకు ఉత్తరం రాసింది. కుక్క యజమాని ఒక్కడే ఏమీ అనలేదు. ఆయనకి అది బోర్డు కట్టే ఖర్చు తప్పించింది.

నెదర్ విప్లీ నుంచి స్వయంగా గ్రామ కౌన్సిల్ అధ్యక్షుడే కారేసుకుని వచ్చాడు. ఆయన పేరు క్లైవ్ హాచ్‌కిస్. బర్మింగ్‌హామ్‌లో బీమా కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి, రిటైరై, ఆరేళ్ళ కిందట ఆ ఊరికి వచ్చాడు. పుట్టినవాళ్ళకంటే వచ్చినవాళ్ళకే ఊరిమీద ప్రేమెక్కువ. ఆయన కరపత్రాన్ని డోరీన్ ముందు బల్ల మీద పరిచి, రెండు మాటల మీద వేలు పెట్టాడు.

"ఏమిటండీ ఇది?"

"మీ ఊరు."

"మా ఊళ్ళో ఏమీ లేదా?"

"ఏముందో చెప్పండి. వెళ్ళి చూసి రాస్తాను."

క్లైవ్ కుర్చీలో సర్దుకున్నాడు. "పోస్టు డబ్బా ఉంది. పాతది."

"అన్ని ఊళ్ళలోనూ ఉంది."

"నీళ్ళ పంపు ఉంది."

"ఉండేది. దాన్ని హోప్ మారిస్ వాళ్ళు పట్టుకుపోయి వాళ్ళ పచ్చిక మీద పెట్టుకున్నారు. ఆ గడిలో రాశాను."

క్లైవ్ గొంతు సవరించుకున్నాడు. "అంతర్యుద్ధంలో ఓడిపోయిన రాజుగారు మా ఊరి మీదుగానే పారిపోయారు."

"ఆగారా?"

"ఆగలేదు."

"నీళ్ళేమన్నా తాగారా?"

"లేదు గానీ, గుర్రం కాస్త నెమ్మదించిందని చెప్పుకుంటారు."

డోరీన్ పెన్సిలు తీసింది. "ఎవరు చెప్పుకుంటారు?"

క్లైవ్ కరపత్రం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కౌన్సిల్ సమావేశం పెట్టి ఖండన తీర్మానం చేయించాడు. అది కార్యాలయానికి చేరేలోపే సైకిలు వాళ్ళు రావడం మొదలైంది.

మొదటి వాళ్ళు వుల్వర్‌హాంప్టన్ నుంచి వచ్చిన నలుగురు. ఒంటికి అతుక్కుపోయిన బట్టలు, మెరిసే టోపీలు. హోప్ మారిస్‌లో కోట పక్కనుంచి దిగకుండా వచ్చేశారు. నెదర్ విప్లీ నడిబొడ్డున, అంటే రోడ్డు కొంచెం వెడల్పయ్యే చోట, సైకిళ్ళు దిగి నిలబడ్డారు. ఆ వైపు చూశారు. ఈ వైపు చూశారు. ఒక గొర్రె వాళ్ళని చూసింది.

"నిజమేరా. ఏమీ లేదు," అన్నాడు ఒకడు, పరవశంగా.

గట్టు మీద రెండు గంటలు కూర్చుని వెళ్ళారు. తరువాతి వారం పదిహేను మంది, ఆ పై వారం నలభై. వీళ్ళంతా వారానికి అయిదు రోజులు ఏదో ఒకటి చూడక తప్పని మనుషులు. సెలవు రోజున కూడా కోట చూడు, చర్చి చూడు, చూసి మెచ్చుకో అంటే వాళ్ళ ప్రాణం విసిగిపోయింది. అచ్చులో ధైర్యంగా ఏమీ లేదని చెప్పిన ఊరు వాళ్ళకి ఇదొక్కటే కనిపించింది. ఆగస్టులో ఒక పత్రికా విలేకరి వచ్చి, గట్టు మీద కూర్చుని, ఏమీ లేకపోవడం గురించి పేజీన్నర రాసింది.

క్లైవ్ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నాడు. వారం తిరక్కుండా ఏమీలేమి పరిరక్షణ సంఘం పెట్టి దానికీ తానే అధ్యక్షుడయ్యాడు. ఊరి మొదట్లో ‘నెదర్ విప్లీ. ఇక్కడ ఏమీ లేదు. నెమ్మదిగా వెళ్ళండి’ అని బోర్డు పెట్టించాడు. బోర్డు చూస్తూ జనం నిలబడిపోతున్నారని ఒక బెంచీ వేయించాడు. బెంచీకి పోటీ పెరిగితే ఇంకో అయిదు వేయించాడు. సైకిళ్ళు ఆనించడానికి ఇనప కమ్మీలు వచ్చాయి. ఏమీ లేకపోవడానికి చరిత్ర కూడా ఉండాలని, అద్దం వేసిన పెద్ద పలక ఒకటి పెట్టించాడు. వెయ్యేళ్ళ నాటి రాజుగారి భూముల చిట్టాలో ఈ ఊరి పేరు పక్కన ‘బీడు’ అని రాసి ఉందని, అప్పటినుంచి ఊరు ఆ పరువు నిలబెట్టుకుంటూ వస్తోందని దాని మీద ఉంది.

వచ్చినవాళ్ళకి దాహం వేస్తుంది కదా. పొలీన్ బెడోస్ తన ఇంటి పక్కనున్న గొర్రెల కొట్టాన్ని కడిగి, సున్నం వేసి, నాలుగు బల్లలు పెట్టి టీ అమ్మడం మొదలుపెట్టింది. పొలీన్ ఆ ఊళ్ళో పుట్టింది, ఆ ఊళ్ళోనే గొర్రెలు కాచే టెడ్‌ని చేసుకుంది. టెడ్ రోజుకి పన్నెండు మాటలు మాట్లాడేవాడు, అందులో ఎనిమిది కుక్కతో.

మూడేళ్ళు గడిచాయి. కరపత్రాలు అయిపోయాయి. కొత్తవి వేయాలి కనుక దారి మళ్ళీ చూసి రమ్మని డోరీన్‌కి కబురొచ్చింది. ఆమెకి అరవై తొమ్మిది. కుడి మోకాలు ఎత్తులో కిర్రుమంటోంది. అయినా ఒప్పుకుంది.

ఈ కబురు నెదర్ విప్లీకి తెలిసేసరికి క్లైవ్‌కి నిద్ర పట్టలేదు. ఆయన మళ్ళీ కారేసుకొచ్చాడు. ఈసారి చేతిలో తేనె సీసా ఉంది.

"డోరీన్ గారూ, మీరు మా ఊరికి చేసిన మేలు మరిచేది కాదు. ఆ రెండు మాటలూ అలాగే ఉంచేస్తే చాలు."

"చూసి రాస్తాను."

"చూడ్డానికి ఏముందండీ అక్కడ? మీరే రాశారు కదా."

"ఆరు బెంచీలు వేశారట."

"ఎవరన్నారు?" అన్నాడు క్లైవ్. డోరీన్ తేనె తీసుకోకపోయేసరికి సీసా పట్టుకుని వెనక్కి వెళ్ళాడు.

ఆ మంగళవారం డోరీన్ కొండ దిగి నెదర్ విప్లీలోకి వచ్చింది. బోర్డు లేదు. బెంచీలు లేవు. ఇనప కమ్మీలు లేవు. అద్దాల పలక ఉండవలసిన చోట టార్పాలిన్ కప్పిన ఎండుగడ్డి కుప్ప ఒకటుంది. రోడ్డు పక్కన పదిమంది పెద్దవాళ్ళు, ఏదో శవపేటిక వెళ్తుంటే నిలబడ్డట్టు, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. అందరి మొహాల్లోనూ పసిపిల్లల అమాయకత్వం.

"నమస్కారం," అన్నాడు క్లైవ్. "ఎటు వెళ్తున్నారు ఇలా?"

డోరీన్ సైకిలు దిగింది. ముప్పై ఒక్క ఏళ్ళలో మీటరుకి తెలియకుండా లాగిన తీగల్ని తగిలించిన కోట్ల వెనక దాచినవాళ్ళని చూసింది, పియానో వెనక దాచినవాళ్ళని చూసింది, వాటి మీద జబ్బుపడ్డ అత్తగారిని పడుకోబెట్టినవాళ్ళనీ చూసింది. ఇంట్లోవాళ్ళు ఎటు చూడకుండా ఉంటారో, వస్తువు అటే ఉంటుంది. ఈ పదిమందీ పొలీన్ కొట్టం వైపు తప్ప అన్ని దిక్కులా చూస్తున్నారు. డోరీన్ సైకిలు గోడకి ఆనించి, నేరుగా వెళ్ళి కొట్టం తలుపు తోసింది.

లోపల ఆరు బెంచీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. బోర్డు గోడకి మొహం పెట్టి నిలబడి ఉంది. నడుమ కుర్చీలో, ఒళ్ళో కేకు డబ్బా పెట్టుకుని పొలీన్ కూర్చుని ఉంది.

"కదలొద్దన్నారు నన్ను," అంది పొలీన్. "గంటయింది. కెటిల్ కూడా పెట్టొద్దన్నారు, ఈల వేస్తుందని."

"ఇప్పుడు పెట్టుకోవచ్చు," అంది డోరీన్.

పొలీన్ లేచి నీళ్ళు పెట్టింది. స్కోన్లనే చిన్న తీపి రొట్టెల పళ్ళెం పక్కకి జరిపింది. వాల్‌నట్ కేకు ఒక ముక్క కోసి పళ్ళెంలో పెట్టింది. డోరీన్ ఒక బెంచీ దింపి దాని మీద కూర్చుని, మోకాలు చాపుకుంది. బయట ఎవరో దగ్గారు.

"మీరు నన్ను గుర్తుపట్టరేమో," అంది పొలీన్. "మా ఇంటికి ఏడాదికి నాలుగుసార్లు వచ్చేవారు."

"మెట్ల కింద. ఇస్త్రీ బల్ల అడ్డం ఉండేది."

"అవునవును. మీరొచ్చే రోజు నేను కేకు చేసేదాన్ని. తెలుసా మీకు?"

డోరీన్‌కి తెలియదు. ఆ ఇంట్లో కేకు తిన్న గుర్తు మాత్రం ఉంది.

"టెడ్‌కి ఏం పెట్టినా ఒకటే. పెట్టింది తింటాడు, లేస్తాడు. మీరొక్కరే ‘పోయినసారి కంటే బాగుంది’ అనో, ‘ఉప్పెక్కువైంది’ అనో అనేవారు. మీరు మానేశాక ముప్పై గడప మీద నాకు అలా చెప్పే మనిషి లేదు. ఇదిగో, ఈ మూడేళ్ళూ జనం వచ్చారు. కోవెంట్రీ నుంచి ఒకాయన ఉత్తరం రాస్తాడు, కేకు గురించే. నా పేరు తెలుసు వాళ్ళకి. ఊళ్ళో నన్ను ఇప్పటికీ టెడ్ భార్య అంటారు."

డోరీన్ కేకు నమిలింది. టీ తాగింది. కప్పు కింద పెట్టి, "నేను ఉన్నది రాస్తే వాళ్ళు రావడం మానేస్తారంటున్నాడు మీ క్లైవ్," అంది.

"అతనికి గణాంకాలు బాగా వచ్చు. మానేస్తారేమో."

"మీకెలా ఉంది మరి?"

"నాకా? భయంగానే ఉంది. కానీ గంటసేపు ఈ చీకట్లో డబ్బా పట్టుకుని కూర్చుంటే ఒళ్ళు మండింది డోరీన్ గారూ. బతికున్న మనిషిని పట్టుకుని ‘ఏమీ లేదు’ కింద దాచేశారు నన్ను. మీరు రాసుకోండి."

డోరీన్ అక్కడే, బెంచీ మీదే కాగితం తీసింది. "టీ ఉంది. చిక్కగా ఉంటుంది. పొలీన్ బెడోస్ వాల్‌నట్ కేకు ఈ దారి మొత్తంలో ఉత్తమం. స్కోన్లు మామూలు. బెంచీలు ఆరు. పలక గడ్డి కింద ఉంది. తీసి చదవనక్కర్లేదు." రాసి పొలీన్‌కి చదివి వినిపించింది.

"స్కోన్లు మామూలా?" అంది పొలీన్.

"మామూలే. నేను చూశాను ఆ పళ్ళెంలో. పొంగలేదు."

పొలీన్ పళ్ళెం వైపు చూసి, "పొంగలేదు," అని ఒప్పుకుంది.

డోరీన్ బయటికి వచ్చింది. క్లైవ్ ఆమె పై పెదవి మీద మీసంలా సన్న గీతగా అంటిన కేకు క్రీముని చూశాడు, అంతే. ఆయనకి విషయం అర్థమైంది. టార్పాలిన్ తీయండి అని మిగతా వాళ్ళకి నీరసంగా చెప్పాడు.

అయితే ఆమె రాసింది ఏదీ అచ్చు కాలేదు. ఈ మూడేళ్ళలో కౌంటీ కార్యాలయానికి మళ్ళీ డబ్బు వచ్చింది. విశేషణాల కోసం లండన్ నుంచి ఒక సంస్థని పెట్టుకున్నారు. ఆ సంస్థ మనుషులు ఎవరూ తొమ్మిదో దారి తొక్కలేదు. కొత్త కరపత్రం నున్నటి కాగితం మీద వచ్చింది. పదకొండు ఊళ్ళ పక్కనా పదకొండుసార్లు ‘దాగి ఉన్న మాణిక్యం’ అని ఉంది. కుక్క ఉన్న మలుపు దగ్గర ‘స్థానికుల ఆప్యాయ స్వాగతం’ అని ఉంది.

రాన్ అది పైకి చదివి వినిపిస్తుంటే డోరీన్ మొహం ఎర్రబడింది. జీవితంలో మొదటిసారి ఆమె ఫిర్యాదు ఉత్తరం రాసింది. దానికి మూడు వారాల తరువాత జవాబు వచ్చింది, ఆమె విలువైన అభిప్రాయానికి కృతజ్ఞతలు చెబుతూ. తన అభిప్రాయం అందులో ఎక్కడా లేదని, తాను రాసింది చూసిన సంగతులేనని ఆమె రాన్‌కి చెప్పింది. రాన్ ఎందుకైనా మంచిదని సైకిలు పంపు తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు.

ఆ వేసవిలో ఆప్యాయ స్వాగతం అందుకున్నవాళ్ళు ఏడుగురు, అందరూ ఎడమ కాలికే. నెదర్ విప్లీకి జనం తగ్గారు. మాణిక్యాలు పదకొండు ఉంటే అందులో ఒకదాని కోసం ఎవరు కొండెక్కుతారు? వచ్చినవాళ్ళు మాణిక్యం ఎక్కడని అడిగేవారు. క్లైవ్ ఒక ఏడాది ఓపిక పట్టి, ఇల్లమ్మి, సముద్రం ఒడ్డున ఇంకో ఊరికి వెళ్ళాడు. అక్కడ దీపస్తంభం విషయంలో ఏదో సంఘం పెట్టాడని వినికిడి. ఆయన వెళ్ళిపోయాక నాలుగు బెంచీల్ని వేరే ఊళ్ళవాళ్ళు కొనుక్కున్నారు.

పొలీన్ మాత్రం కొట్టం మూయలేదు. వారానికి నాలుగు రోజులు తెరుస్తుంది. కోవెంట్రీ ఆయన వస్తాడు. కేకు తెలిసినవాళ్ళు ఓ ఇరవై మంది వస్తారు. గురువారాలు డోరీన్ వస్తుంది. మోకాలికి ఆపరేషన్ అయ్యాక సైకిలు ఎత్తులో దిగి నడిపించుకుంటూ వస్తుంది, దిగువలో మాత్రం ఎవరి మాటా వినదు.

గొర్రెలు ఈనే రోజుల్లో పొలీన్‌కి టెడ్ దగ్గర పని పడి, డోరీన్‌ని కౌంటర్లో నిలబెట్టింది. టెల్ఫర్డ్ నుంచి వచ్చిన ఒక జంట నిమ్మ కేకు చూపించి తాజాదేనా అని అడిగారు. "నిన్న మధ్యాహ్నం చేసింది. అంచు ఎండింది. నడిమి ముక్క ఫర్వాలేదు, అది ఒకటే ఉంది," అంది డోరీన్. వాళ్ళు మొహమొహాలు చూసుకుని టీ మాత్రం తాగి వెళ్ళారు. ఆ తరువాత వచ్చి సూప్ అడిగిన ఆయనకి దాని గురించి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన టీ కూడా తాగలేదు.

పొలీన్ తిరిగొచ్చి సంగతి విన్నది. చేతులు కడుక్కుని, తన ఏప్రన్ విప్పి డోరీన్ మెడలో వేసి, భుజాలు పట్టుకుని ఆమెని వెనక గదిలో తొట్టి దగ్గరికి తిప్పింది.

"నువ్వు గిన్నెలు కడుగు తల్లీ," అంది. "అక్కడ ఎవరూ నిన్ను ఏమీ అడగరు."

డోరీన్ చొక్కా చేతులు పైకి మడిచి వేడినీళ్ళు తిప్పింది. కాసేపటికి లోపలి నుంచి గొంతు వినిపించింది.

"ఈ కప్పులు నువ్వు సరిగా కడగట్లేదు పొలీన్."